1977 చార్టు: మన తెలుగువాళ్ల తరఫున ఏం రాయాలి?

మందారం
మా తమ్ముడి కూతురికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. వాళ్ల నాన్న పుట్టిన ఏడాది జరిగిన పెద్ద విషయాలు పది, చార్టు మీద రాసి తీసుకెళ్లాలట. మా తమ్ముడు పుట్టింది 1977 డిసెంబర్‌లో. పిల్ల ఫోన్లో వెతికి రాసుకున్న జాబితా నాకు చూపించింది. స్టార్ వార్స్ సినిమా, ఎల్విస్ ప్రెస్లీ చనిపోవడం, ఆపిల్ 2 కంప్యూటర్, చార్లీ చాప్లిన్ చనిపోవడం, ఇలా ఉంది. పదిలో మన దేశానిది ఒక్కటే, ఎమర్జెన్సీ ఎత్తేయడం. దివిసీమ ఉప్పెన ఊసే లేదు. ప్రాణం ఉసూరుమంది. ప్రభుత్వ లెక్కే పదివేల దాకా ఉంది, అంతమంది ఒక్క రోజులో పోయిన ఏడాది అది. అడిగితే "ఉప్పెన అంటే ఏంటత్తా?" అంది. దాని తప్పేం లేదు, మనమెవరం చెప్పలేదు.

చార్టులో ఏమేం ఉండాలో చెప్పండి. సోమవారం ఇచ్చేయాలి.

పాతరేడియో
మొదటి వరస ఉప్పెనకే. 1977 నవంబర్ 19, శనివారం. రెండో మాట లేదు.

గోదారిగట్టు
చిరంజీవి సినిమాల్లోకి వచ్చింది ఆ ఏడాదే కదా, అది కూడా రాయించండి.

వెండితెర_వీరయ్య
కాదు గోదారిగట్టు గారూ. ఆయన మొదట తెరమీద కనిపించింది 1978 సెప్టెంబర్‌లో. 1977 అంటే రామారావు గారిదే. సంక్రాంతికి దానవీరశూరకర్ణ, ఏప్రిల్‌లో అడవి రాముడు. ఒకే ఏడాదిలో ఒక పక్క దుర్యోధనుడు, ఇంకో పక్క అడవిలో పాటలు. కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడూ ఆయనే వేసి, దర్శకత్వమూ ఆయనే చేశారు. దాదాపు నాలుగు గంటల సినిమా. మా నాన్న వాళ్లు గుడివాడలో చూడ్డానికి పులిహోర క్యారేజీ కట్టుకుని వెళ్లారట.

సీమపిల్లోడు
అదే రోజు కృష్ణ గారి కురుక్షేత్రం కూడా వచ్చింది, మర్చిపోయినారా? జనవరి 14న రెండూ ఒకేసారి. ఒకే భారతం, రెండు థియేటర్లు. మా మామ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూసి రాత్రికి గొంతు పోయేదాకా వాదించినాడంట.

కానీ మా జిల్లా వాడిగా నేను అడిగేది ఇంకొకటి. నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయింది 1977 జులై 25న. అది లేకుండా చార్టు ఎట్లా?

ఓరుగల్లు_బిడ్డ
సంజీవరెడ్డి గారి కథ మార్చి నుంచి చెప్పాలి అన్నా. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లుంటే 41 కాంగ్రెస్‌కే. జనతా పార్టీకి వచ్చింది ఒక్క నంద్యాల, అక్కడ నిలబడింది ఈయనే. ఉత్తరాదిలో ఇందిరా గాంధీయే ఓడిపోయారు, ఇక్కడ గాలి పూర్తిగా ఎదురు. గెలిచి మార్చిలో స్పీకర్, జులైలో రాష్ట్రపతి.

సీమపిల్లోడు
అదీ మాట. 1969లో వి.వి.గిరి గారి చేతిలో ఓడిపోయినాడు. ఎనిమిదేండ్ల తర్వాత పోటీ లేకుండా గెలిచినాడు. 37 మంది నామినేషన్ వేస్తే 36 చెల్లలేదు, మిగిలింది ఈయన ఒక్కడే. ఇల్లూరు అనే పల్లె నుంచి రాష్ట్రపతి భవన్ దాకా పోయినాడంటే మాకు అది చిన్న విషయం కాదు.

మందారం
రాసుకుంటున్నాను. ఎమర్జెన్సీ గురించి పిల్లకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా? దాని జాబితాలో ఒక్క వాక్యమే ఉంది.

ఓరుగల్లు_బిడ్డ
నేను చెప్తా. అప్పుడు నాకు పదకొండేళ్లు. మా బాపు బడిపంతులు. 1975లో వానాకాలం ఒక రాత్రి వచ్చి తీసుకుపోయారు. ఎందుకో చెప్పలేదు, ఎన్నాళ్లో చెప్పలేదు. అమ్మ జైలుకు పోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేది. ఒకసారి జొన్నరొట్టెలు కట్టుకుపోతే లోపల ఏమైనా దాచామేమోనని ఒక్కొక్కటి తుంచి చూసి ఇచ్చారు. ముక్కలైన రొట్టెలే బాపు నవ్వుకుంటూ తిన్నాడు.

1977 జనవరి 18న ఎన్నికలు పెడుతున్నామని ఇందిరమ్మ రేడియోలో చెప్పారు. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. మూడు రోజులకు మొరార్జీ దేశాయి ప్రధాని అయ్యారు, కాంగ్రెస్ కాని మొదటి ప్రధాని, అప్పటికి ఆయనకు 81 ఏళ్లు. మా బాపు ఇంటికి వచ్చిన రోజు నేను గుర్తుపట్టలేదు, గడ్డం మొత్తం తెల్లగైంది. పాప చార్టులో "పత్రికలు ఏది అచ్చు వేయాలన్నా సర్కారు చూసి ఒప్పుకోవాలి, అడగకుండా ఎవరినైనా జైల్లో పెట్టొచ్చు, అది పోయింది" అని రాయమనండి. ఆ మాటలు చాలు.

నా లెక్కలో మొదటి వరస దీనిదే. ఉప్పెన ప్రకృతి చేసింది. ఇది మనుషులు చేసింది, మనుషులే ఓటుతో సరిచేసింది.

పాతరేడియో
మీ బాపు గారికి దండం బాబూ. కానీ ఉప్పెనలో పోయినవాళ్లంతా ప్రకృతి వల్లే పోయారంటే నేను ఒప్పుకోను. హెచ్చరిక అందలేదు, అందినవాళ్లకి ఎక్కడికి పోవాలో తెలియదు, పోదామన్నా గట్టి కట్టడం లేదు. అవన్నీ మనుషులు చేయాల్సిన పనులే.

లంకమేత
పాతరేడియో గారు చెప్పింది నిజం. మాది నాగాయలంక దగ్గర. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇన్నాళ్లూ ఈ చర్చల్లో చదవడమే తప్ప రాయలేదు, ఈ రోజు రాస్తాను.

అంతకు వారం ముందే తమిళనాడులో నాగపట్నం దగ్గర ఒక తుఫాను కొట్టింది. అందుకని మా వాళ్లు "ఇది కూడా అటే పోతుంది" అనుకున్నారు. కార్తీక మాసం, వరి కోతకొచ్చి ఉంది. చేను వదిలి ఎవరు పోతారు? గాలి పొద్దున్నుంచే ఉంది. తాటాకు కప్పులు లేచిపోయాయి. అందరం గాలి గురించే చూసుకున్నాం, నీళ్ల గురించి ఎవరికీ ధ్యాస లేదు. సముద్రం ఇంట్లోకి వస్తుందని ఎవరనుకుంటారు?

వచ్చింది అల కాదు. ఒక గోడ. నల్లగా, చప్పుడు చేసుకుంటూ. మా నాన్న నన్ను తుమ్మచెట్టు ఎక్కించి, తలగుడ్డతో కొమ్మకి కట్టేశాడు. ముళ్లు ఒళ్లంతా దిగాయి. ఆ ముళ్లే నన్ను పట్టుకుని ఉంచాయి. మా చెల్లెలు అమ్మ చంకలో ఉంది. తెల్లారేసరికి అమ్మ ఉంది, చెల్లెలు లేదు.

ఇంతకన్నా రాయలేను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకి ఊళ్లే పోయాయి.

మందారం
లంకమేత గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. మీరు రాసినందుకు చాలా కృతజ్ఞతలు.

గోదారిగట్టు
చదివి కాసేపు ఆగిపోయాను. మీ అమ్మగారు ఉన్నారా?

లంకమేత
ఉన్నారండి. కళ్లు సరిగ్గా కనిపించవు. మాట గట్టిగానే ఉంది.

వాన_లెక్కలవాడు
నేను వాతావరణం చదువుకున్నవాణ్ని. పాప "ఉప్పెన అంటే ఏంటి" అని అడిగింది కాబట్టి, చార్టులో పనికొచ్చేలా చెప్తాను.

తుఫాను గుండ్రంగా తిరుగుతుంది, మన వైపు అయితే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా. అందుకే అది తీరం దాటేచోటికి కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. గంటల తరబడి అలా తోస్తుంటే నీళ్లు కుప్పలా పేరుకుంటాయి. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఆ కుప్ప కిందికి పోలేక పైకి లేస్తుంది. దివిసీమ సరిగ్గా అలాంటి చోటు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది, ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న పల్లపు నేల అది. ఒక పక్క నుంచి కడలి, రెండు పక్కల నుంచి ఏరు. నీటి మట్టం ఐదారు మీటర్లు లేచిందంటారు. మామూలు అల వచ్చి వెనక్కి పోతుంది. ఇది పోదు, గంటల పాటు ఉంటుంది.

ఇంకో మాట కూడా చేర్చమనండి. ఆ తర్వాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు, మచిలీపట్నంలో తుఫానులను పసిగట్టే రాడార్ పెట్టారు. 1990 మే నెలలో అదే కృష్ణా తీరాన్ని అంతే బలమైన తుఫాను కొట్టింది. లక్షల మందిని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యి లోపే. ఆ వెయ్యి కూడా పోకూడదు, నిజమే. కానీ 1977 నేర్పిన పాఠం వల్లే అంతమంది బతికారు.

ఓరుగల్లు_బిడ్డ
లంకమేత అన్నా, మొదటి వరస గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పాపా, ఉప్పెనే ముందు పెట్టు.

వెండితెర_వీరయ్య
రామారావు గారు, నాగేశ్వరరావు గారు జోలె పట్టి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు అప్పుడు. అందుకే నేను సినిమా ముచ్చట తెచ్చాను. తెర మీద ఎదురెదురు నిలబడ్డవాళ్లు ఆ రోజు పక్కపక్కన నడిచారు. మా అమ్మ చేతిగాజు ఒకటి తీసి ఆ జోలెలో వేసింది. ఇంటికొచ్చాక మా నాయనమ్మ తిడుతుందని భయపడితే, ఆవిడ రెండోది కూడా ఎందుకు వెయ్యలేదని తిట్టిందట.

టీకామచ్చ
అందరూ ఒకటి వదిలేశారు. మశూచి. 1977లోనే మన దేశం మశూచి లేని దేశమని అంతర్జాతీయ నిపుణులు వచ్చి చూసి ప్రకటించారు. అదే ఏడాది అక్టోబర్‌లో సోమాలియాలో ఒకాయనకి వచ్చిందే ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు. వేల ఏళ్ల జబ్బు ఒక ఏడాదిలో ముగిసింది.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. చేరిన కొత్తలో మా సీనియర్లు చెప్పేవాళ్లు, మశూచి కేసు చూపిస్తే వెయ్యి రూపాయల బహుమతి అని గోడల మీద రాసేవారట. రెండు మొనల సూది, చిన్న ఫోర్కులా ఉంటుంది, దాంతో భుజం మీద టకటకా గుచ్చేవారు. మీ ఇంట్లో యాభై దాటినవాళ్ల భుజం చూడమనండి, రూపాయి కాసంత మచ్చ ఉంటుంది. మా అమ్మమ్మ మొహం నిండా మశూచి గుంటలే, ఒక కన్ను పోయింది. మా ఊళ్లో దాన్ని అమ్మవారు పోసిందనేవారు. మా అమ్మ మొహం నున్నగా ఉంది. తేడా అంతా ఆ సూదిదే.

మందారం
టీకామచ్చ గారూ, ఇది నాకు తట్టనే లేదు. మా తమ్ముడి భుజం మీద కూడా ఉంది, పిల్ల ఇప్పుడే వెళ్లి చూసింది. ఫోటో తీసి చార్టు మీద అంటిస్తానంటోంది. వాడు ససేమిరా అంటున్నాడు.

టీకామచ్చ
ఒప్పించండి. దానికన్నా మంచి బొమ్మ దొరకదు.

కూల్‌డ్రింక్_బాషా
కోకాకోలా వెళ్లిపోయింది కూడా 1977లోనే. విదేశీ కంపెనీల వాటా 40 శాతానికి తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోక మూటాముల్లె సర్దుకుంది. ప్రభుత్వం డబుల్ సెవెన్ అని సొంత డ్రింకు తెచ్చింది, ఆ పేరే ఏడాది అంకెల మీద పెట్టింది. పార్లే వాళ్ల థమ్స్ అప్ మొదలైంది కూడా అప్పుడే. మా నాన్నకి రామచంద్రపురంలో సోడా కొట్టు. ఆర్టోస్ అని మా ఊరి కూల్‌డ్రింకు ఒకటి ఉంది. "ఎవరొచ్చినా ఎవరు పోయినా మన ఆర్టోస్ మనకుంది" అనేవాడు.

గోదారిగట్టు
ఆర్టోస్ మాట ఎత్తారు, ఇక ఈ రాత్రికి నిద్ర పట్టదు నాకు. మా ఊరి పెళ్లిళ్లలో బక్కెట్టులో ఐసు వేసి పెట్టేవాళ్లు.

సీమపిల్లోడు
పెద్దనోట్లు రద్దు చేసింది కూడా అప్పుడే కదా? మొరార్జీ కాలంలో.

పాతరేడియో
అది 1978 జనవరి. చార్టులో పెడితే టీచరు మార్కు కోస్తారు.

బే_ఏరియా_బామ్మ
మీరంతా నేల మీదే ఉన్నారు. నన్ను ఆకాశంలోకి తీసుకెళ్లనివ్వండి. 1977 ఆగస్టు 20న వాయేజర్ 2, సెప్టెంబర్ 5న వాయేజర్ 1 బయల్దేరాయి. రెండిటిలోనూ బంగారు పూత పూసిన గ్రామఫోను రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో మన తెలుగు ఉంది. నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం నుంచి శుభాకాంక్షలు అని ఒక గొంతు పలుకుతుంది. వాయేజర్ 1 ఇప్పుడు మనకి 2,400 కోట్ల కిలోమీటర్ల పైన దూరంలో ఉంది. మనిషి చేసిన వస్తువుల్లో అంతకన్నా దూరం పోయింది ఏదీ లేదు. అంత దూరంలో తెలుగు ఉంది.

నేను అమెరికా వచ్చిన కొత్తలో తెలుగు వినిపించేది ఉత్తరాల్లో మాత్రమే, అంటే మనసులోనే. లైబ్రరీలో ఆ రికార్డు క్యాసెట్టు దొరికింది. ఆ రెండు ముక్కల కోసం వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. పక్కన కూర్చున్న ఆవిడ ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

ఓరుగల్లు_బిడ్డ
నిజమా అమ్మా? నాకు ఈ వయసు దాకా తెలియదు.

బే_ఏరియా_బామ్మ
నిజం నాయనా. హిందీ, కన్నడ, మరాఠీ, బెంగాలీ కూడా ఉన్నాయి. పాటల్లో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారు పాడిన భైరవి రాగం ఉంది.

మందారం
పిల్ల ఎగిరి గంతేసింది. స్టార్ వార్స్ కొట్టేసి వాయేజర్ రాస్తానంటోంది.

పాతరేడియో
ఇక నా పద్దు. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది, సంజీవరెడ్డి గారే ప్రారంభించారు. అంతకు ముందు ఉపగ్రహం ద్వారా కొన్ని పల్లెలకి ప్రయోగంగా చూపించారు కానీ, మన సొంత కేంద్రం అదే. నలుపు తెలుపు. హైదరాబాద్ చుట్టుపక్కలకి మాత్రమే అందేది, బెజవాడలో మాకు చాలా ఏళ్ల దాకా రాలేదు.

గోదారిగట్టు
శాంతిస్వరూప్ గారి వార్తలు అప్పుడే మొదలా?

పాతరేడియో
కాదండి, తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న. చాలామంది కలిపేసుకుంటారు.

నేను ఎందుకు చెప్తున్నానంటే, టీవీ వచ్చిన నెలకే ఉప్పెన వచ్చింది. కానీ తీరంలో ఉన్నవాళ్లకి అది ఉన్నా లేనట్టే. మాకు దిక్కు ఆకాశవాణి విజయవాడ. కరెంటు పోయింది, బ్యాటరీ రేడియో ఉన్నవాళ్ల అరుగు మీద ఊరంతా చేరాం. ఒక్కో ఊరి పేరు చదువుతుంటే ఆ ఊళ్లో బంధువులున్నవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. పొద్దుపోయేసరికి అరుగు సగం ఖాళీ.

మందారం
ఇక నా సంగతి చెప్పాలి. మాది ఉయ్యూరు. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. మిల్లు యజమాని లారీకి బియ్యం ఎత్తించి దివికి పంపితే, నాన్న దాంతో వెళ్లాడు. పులిగడ్డ అక్విడక్టు దాటాక చెట్లు అడ్డం పడి లారీ కదల్లేదట, బస్తాలు భుజాన మోశారు. బియ్యం ఇస్తే జనం తీసుకోలేదట, ముందు మంచినీళ్లు అడిగారట. బావులన్నీ ఉప్పు. మళ్లీ వెనక్కి వచ్చి పీపాల్లో నీళ్లు నింపుకుని పోయారు. అలా మూడు వారాలు అక్కడే ఉన్నాడు. అమ్మకి నెలలు నిండాయి, నాన్న లేకుండానే తమ్ముడు పుట్టాడు. వచ్చి, గుమ్మం బయటే నూతి దగ్గర స్నానం చేసి, బిడ్డని ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు. "నా చేతులకి ఇంకా వాసన ఉంది" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఎత్తుకున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లని, నాకు అప్పుడు కోపం వచ్చింది నాన్న మీద.

ఈ సంగతి తమ్ముడికి కూడా ఇవాళే చెప్పాను.

లంకమేత
మంచినీళ్ల లారీ నాకు గుర్తుంది అమ్మా. ఎవరిదో తెలియదు, చాలా వచ్చాయి. రేకు గ్లాసుతో ఒకాయన పోస్తుంటే నేను గ్లాసు వదల్లేదు, ఆయనే గ్లాసు నాకు ఇచ్చేశాడు.

మా వైపు ఇప్పటికీ వయసులు ఉప్పెనతోనే లెక్క. "వాడు ఉప్పెన తర్వాత పుట్టాడు", "ఉప్పెన నాటికి నా పెళ్లయి రెండేళ్లు", అంతే. పొలాలు ఉప్పు పట్టి మళ్లీ సరైన పంట రావడానికి ఏళ్లు పట్టింది. మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె ఉంది. నీళ్లు తీశాక బురదలో దొరికింది. లోపల పొలం దస్తావేజు ముద్దయి ఒకదానికొకటి అతుక్కుపోయింది. అక్షరాలన్నీ కారిపోయాయి, రెవెన్యూ స్టాంపు మాత్రం కొంచెం కనిపిస్తుంది. దాని మధ్యలో చెల్లెలి జుబ్బా గుండీ ఒకటి ఇరుక్కుని ఉంది. అమ్మ దాన్ని తియ్యనివ్వదు.

మందారం
లంకమేత గారూ, ఆ దస్తావేజు ఫోటో పంపగలరా అని పిల్ల అడగమంది. మీకు ఇబ్బంది అయితే వద్దు.

లంకమేత
అమ్మని అడిగాను. ఫోటోలో ఏం కనిపించదు, పిల్లని తీసుకురమ్మను, చేత్తో పట్టుకుని చూస్తుంది అంది. ఏటా నవంబర్ 19న స్తూపం దగ్గర దీపాలు పెడతాం, అప్పుడు రండి. అవనిగడ్డ దాకా బస్సు ఉంది, అక్కడికి నేను బండి వేసుకొస్తాను. మధ్యాహ్నం అమ్మ కాసేపు పడుకుంటుంది, పొద్దున్నే బయల్దేరితే మంచిది.

మందారం
వస్తాం. తమ్ముడు కూడా వస్తానన్నాడు.